డెల్టా ఊళ్లో బీపీ రిజిస్టరు: వైద్య కళాశాల మోయాల్సిన పని, మోసే పద్ధతి

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003-04లో ఒక ఏడాది పాటు, చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి ఎలా పోయారో అడిగి రాశారు. 1,354 మరణాల లెక్క తేలింది. అందులో మూడో వంతుకు దగ్గరగా గుండెపోటు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులవే. అంటురోగాల వాటా అందులో సగం కూడా రాలేదు. దోమలు, కాలువ నీళ్లు, విరేచనాలే డెల్టా జబ్బులనుకునేవాళ్లకు ఆ లెక్క మింగుడుపడలేదు. పక్షవాతాన్ని అన్నిటికంటే ఎక్కువగా తెచ్చిపెట్టేది బీపీ. దాన్ని కొలవడానికి కావలసింది ఒక పట్టీ, అదుపులో పెట్టడానికి కావలసింది రోజుకో బిళ్ల.

కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. అమలాపురం, రాజానగరం, ఏలూరుల్లో ప్రైవేటు కళాశాలలున్నాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ కళాశాలలు తెరిచారు. డెల్టాలో ఏ మూల ఊరికైనా ఏదో ఒక కాలేజీ పూట ప్రయాణంలోనే ఉంది. ఇన్ని ఉన్నా కాలేజీ ఊరికి వచ్చిందంటే అది క్యాంపే: షామియానా, బ్యానరు, వారానికి సరిపడా బిళ్లలు, సాయంత్రానికి ఫొటో. వారం తిరిగేసరికి బిళ్లలైపోతాయి, బీపీ మళ్లీ పాత చోటికే వస్తుంది.

యాప్ పెట్టినంత మాత్రాన కూడా పని జరగదు. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) పరిధిలోని 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, ముప్పు ఎక్కువున్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే పెద్ద ప్రయోగం ఒకటి జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో, ట్యాబులున్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గుర్తించి పంపడం వేరు, ఏడాది పొడుగునా బిళ్ల నోట్లో పడటం వేరు. ఇక్కడ చెప్పేదంతా రెండో దాని గురించే: వైద్య కళాశాల ఒక ఊరిని తీసుకుని, విద్యార్థులతో ఇంటింటా బీపీ కొలిపించి, తేలినవాళ్లను రిజిస్టరులో రాసి, నెలనెలా బిళ్లలు అందేట్టు చూడటం.

కొలిచే ముందే బిళ్లల లెక్క

నాలుగు వేల జనాభా ఉన్న ఊరు తీసుకోండి. 30 ఏళ్లు దాటినవాళ్లు దాదాపు సగం, అంటే రెండు వేల మంది. లెక్క కోసం వాళ్లలో మూడో వంతుకు బీపీ ఉందనుకుంటే 650 మంది. కొందరు పట్నంలో డాక్టరుకు చూపించుకుని సొంతంగా కొనుక్కుంటారు, కొందరు ఎంత చెప్పినా రారు. 400 మంది ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనే బిళ్లలు తీసుకుంటారని వేసుకోండి. ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. నెలకు 12,000 బిళ్లలు కావాలి. సగం మందికి రెండో మందు తప్పదు కాబట్టి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. ఇంకో 6,000. దీనిపైన రెండు నెలల నిల్వ వేరుగా ఉండాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. పీహెచ్‌సీ ఇండెంటు (మందులు కావాలని పైకి పంపే జాబితా) పోయిన ఏడాది ఖర్చును బట్టి వెళ్తుంది. కాలేజీ వాళ్లు వచ్చి రెండు వారాల్లో మూడు వందల మంది కొత్తవాళ్లను తేలుస్తారు. మొదటి నెల సర్దుతారు, రెండో నెల పది బిళ్లలిచ్చి మళ్లీ రమ్మంటారు, మూడో నెల ‘లేవండి’ అంటారు. ఆ మాట విన్న మనిషి నాలుగో నెల రాడు. అందుకని సర్వేకు కనీసం రెండు నెలల ముందు కమ్యూనిటీ మెడిసిన్ విభాగాధిపతి సంతకంతో పై లెక్కను పీహెచ్‌సీ వైద్యాధికారికీ, జిల్లా వైద్యారోగ్య అధికారికీ (డీఎంహెచ్‌వో) రాతపూర్వకంగా పంపాలి. బిళ్లలు ఊరికి చేరాకే బీపీ మిషన్లు బయటికి తీయండి. ‘మీకు బీపీ ఉంది’ అని చెప్పి ఒట్టి చేతులతో పంపడం కంటే అసలు కొలవకపోవడమే మేలు.

సరఫరా కంపెనీ మారితే బిళ్ల రంగు, సైజు మారతాయి. ‘పాతది చిన్నది, ఇది పడట్లేదు’ అని పారేస్తారు. అట్ట మారిన నెల పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించి మరీ ఇవ్వాలని ఊరి నర్సుకు (ఏఎన్‌ఎం) ముందే చెప్పి ఉంచండి.

అనుమతులు

డీఎంహెచ్‌వో, తరువాత పీహెచ్‌సీ వైద్యాధికారి, ఆ తరువాత సర్పంచి, సచివాలయం. ఈ వరస తప్పితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, పని ఆ మేరకు ఆలస్యమవుతుంది. సేకరించిన వివరాలతో ఎప్పటికైనా పేపరు రాసే ఆలోచన ఉంటే కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఇంటి తలుపు తట్టేలోపే ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో, పెద్దవాళ్లు చదవగలిగే అక్షరాల్లో ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి

కాలేజీ క్యాలెండరును పక్కన పెట్టి ఊరి క్యాలెండరు చూడండి. సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడు, మళ్లీ దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు కూలి ఇళ్లకు పగలు వెళ్తే తాళాలే కనిపిస్తాయి. వరి ఊళ్లకు ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా అనువు. దాళ్వా కోతలు మొదలయ్యాక మళ్లీ మనుషులు దొరకరు. సముద్రం ఒడ్డు ఊళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులే మంచి కాలం. మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు కూడా. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్లు రాత్రీ పగలూ గట్టు మీదే ఉంటారు. వాళ్లు ఊళ్లో జాబితాలోకి ఎక్కరు, ఇంకో ఊరి నుంచో రాష్ట్రం నుంచో వచ్చినవాళ్లయితే అసలే ఎక్కరు. వాళ్ల కోసం ఒక జతను రెండు రోజులు ప్రత్యేకంగా చెరువుల మీదికి పంపాలి.

రోజులో ఉదయం ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. కాలేజీ బస్సు పదింటికి వచ్చి మూడింటికి వెళ్లిపోతే రిజిస్టరులో ఆడవాళ్లూ ముసలివాళ్లే మిగులుతారు. బీపీ ఉన్నట్టు తెలియకుండా తిరిగేది ఎక్కువగా నలభై ఏళ్ల మగవాళ్లే, వాళ్లే తప్పిపోతారు. బుధ, శనివారాలు టీకాల రోజులు, ఏఎన్‌ఎం ఖాళీగా ఉండదు కాబట్టి ఆ రెండూ వదిలేయండి. ప్రతి నెలా 1వ తేదీన పింఛను ఇంటికే వస్తుంది, ఊళ్లో పెద్దవాళ్లు ఆ పూట ఎక్కడికీ కదలరు. మొదటి సర్వేకు కాకపోయినా, నెలనెలా బిళ్లలివ్వడానికి అంతకంటే మంచి రోజు దొరకదు.

ఇద్దరు విద్యార్థుల జత రోజుకు ఇరవై మందిని సరిగ్గా కొలవగలదు. నలభై మందిని కొలిచామని చెప్తే అందులో సగం కొలవనివో, తొందరలో కొలిచినవో అయి ఉంటాయి. పది జతలకు రోజుకు 200 చొప్పున రెండు వేల మందికి పది రోజులు పడుతుంది. తాళం వేసిన ఇళ్ల కోసం ఇంకో నాలుగు రోజులు, అవి తప్పనిసరిగా ఆదివారాలో పండగ రోజులో అయి ఉండాలి.

సంచిలో ఏముండాలి

జతకు ఒక డిజిటల్ మిషన్, అదీ భుజానికి కట్టేది. మణికట్టుకు కట్టేవి వద్దు, చేయి కాస్త కిందికి జారినా అంకె మారిపోతుంది. పట్టీలు రెండు సైజులు: భుజం చుట్టుకొలత 22 నుంచి 32 సెం.మీ. వరకు మామూలుది, 32 నుంచి 42 వరకు పెద్దది. దర్జీ టేపు ఒకటి. అదనపు బ్యాటరీల సెట్టు ఒకటి. టార్చిలైటు, రిజిస్టరు, రిఫరల్ చీటీల పుస్తకం. మడత కుర్చీ ఒకటి మోసుకెళ్లగలిగితే సగం పొరపాట్లు పోతాయి. చాలా ఇళ్లలో వీపు ఆనించుకునే కుర్చీ ఉండదు, నులక మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి కొలిచేస్తారు.

పెద్ద పట్టీ కొనకుండా డబ్బు ఆదా చేయడం అలవాటు. బొద్దుగా ఉన్నవాళ్ల చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బుకు జీవితాంతం మందు మొదలవుతుంది. పట్టీ లోపలి గాలితిత్తి భుజం చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టుకోవాలి.

ప్రతి సోమవారం బయలుదేరే ముందు ఒకే మనిషికి అన్ని మిషన్లతోనూ నిమిషం తేడాతో కొలిచి, విభాగంలో సరిచూసి ఉంచిన మిషన్‌తో పోల్చండి. ముగ్గురు మనుషుల మీద అలా చేశాక ఏ మిషనైనా సగటున 5 కంటే ఎక్కువ తేడా చూపిస్తే దాన్ని సంచిలోంచి తీసేయండి.

కొలిచే తీరు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ ఉండకూడదు. ఇంటికి వెళ్లగానే అడగాల్సిన మొదటి మాట అదే. చుట్ట ఇప్పుడే ఆర్పారంటే పక్కింటికి వెళ్లి తిరిగి రండి. ఉచ్చ పట్టుకుని కూర్చున్నా అంకె 10 దాకా పెరుగుతుంది. కొత్తవాళ్ల ముందు ఆడవాళ్లు ఆ మాట చెప్పరు కాబట్టి జతలో ఒక అమ్మాయి ఉండి తానే అడగాలి.

తరువాత ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. చేయి బల్ల మీదో, దొంతర పెట్టిన దిళ్ల మీదో, పట్టీ గుండె ఎత్తున ఉండేట్టు ఆనించాలి. చేయి గాలిలో వేలాడుతుంటే 10 దాకా ఎక్కువ చూపిస్తుంది. పట్టీ ఒట్టి చర్మం మీదే కట్టాలి. జాకెట్టు చేయి బిగుతుగా ఉంటే దాన్ని పైకి లాగి ముద్దగా చేస్తారు, అది తాడులా బిగుసుకుని అంకెను పాడుచేస్తుంది. వదులు చేతుల జాకెట్టు వేసుకుని రమ్మని ముందురోజే ఆశా చేత కబురు పెట్టించడం తేలిక. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. కట్టాక రెండు వేళ్లు దూరే సందు ఉంటే సరి.

ఇక మాటలు. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడకుండా కూర్చోమనడం కష్టమే. ‘ఏ ఊరు బాబూ మీది, మీ నాన్నగారేం చేస్తారు’ అన్నంతసేపూ అంకె 10 దాకా పైకి పోతుంది. ముందే మర్యాదగా చెప్పేయాలి: ‘మామ్మగారూ, ఈ మిషన్ ఆగేదాకా మనం ఇద్దరం మాట్లాడకూడదండి. అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం.’ అన్నట్టే అయ్యాక కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడాలి కూడా, లేకపోతే రెండోసారి ఆ గడప తొక్కలేరు.

మొదటిసారి రెండు చేతులకూ కొలిచి, ఎక్కువ చూపిన చేతినే రిజిస్టరులో రాసుకోండి, ఇకముందు ఆ చేతికే. నిమిషం తేడాతో మూడుసార్లు కొలిచి మొదటిది వదిలేసి చివరి రెండింటి సగటు తీసుకోవాలి. మూడు అంకెలూ రాయాలి, సగటు ఒక్కటే రాస్తే తరువాత ఎవరూ సరిచూడలేరు.

సగటు 140/90 కంటే తక్కువైతే ఏడాదికోసారి చాలు. 140/90, ఆపైన ఉంటే అదే రోజు జబ్బు పేరు పెట్టేయకండి. నాలుగు వారాల్లోపు ఇంకో రోజు కొలిచి, అప్పుడూ అంతే ఉంటే బీపీ ఉన్నట్టు. 160/100 దాటితే ఆ రెండో కొలత కొన్ని రోజుల్లోనే జరగాలి. 180/110 దాటితే ఆ రోజే డాక్టరు చూడాలి. అంత బీపీతో పాటు గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, ఒక వైపు కాలూ చేయీ పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం వీటిలో ఏదున్నా 108కి ఫోను చేయాలి. విద్యార్థి ఏ మందూ ఇవ్వకూడదు, ఉన్న మందు ఆపమనీ చెప్పకూడదు. మోతాదు రాసే పని వైద్యాధికారిదే.

టార్చిలైటు ఎందుకంటే, నోరు చూడటానికి. తీరప్రాంతంలో కొందరు ఆడవాళ్లకు ఇప్పటికీ అడ్డపొగ అలవాటుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్లు వస్తాయి. మామూలుగా నోరు తెరిపించి నాలుక, బుగ్గలు చూసి వదిలేస్తే అంగిలి కనిపించదు, తల వెనక్కి వాల్చమని పైకి వెలుతురు వేయాలి. మచ్చ కనిపిస్తే రిఫరల్ చీటీ రాయండి.

రిజిస్టరూ, పెట్టే

రిజిస్టరు పేర్ల వరసలో కాకుండా వీధుల వరసలో, ఇంటి నంబర్లతో ఉండాలి. ఒకే ఊళ్లో ఐదుగురు సత్యవతులు, నలుగురు వెంకటేశ్వరరావులు ఉంటారు. భర్త పేరో తండ్రి పేరో, పుట్టిన ఏడాది, ఫోను నంబరుతో పాటు ఆ ఫోను ఎవరిదో రాయాలి. ఈ ఒక్క గడి లేక సగం ఫోన్లు వృథా అవుతాయి. కోనసీమ ఇళ్లలో ఇచ్చే నంబరు కువైట్‌లో ఉన్న కూతురిదో, హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదో అయి ఉంటుంది. ఆ కూతురికి వాట్సాప్‌లో చెప్తే అమ్మ క్లినిక్‌కు తప్పక వస్తుంది కాబట్టి ఆ నంబరు పనికిరాదని కాదు, ఎవరితో మాట్లాడుతున్నామో తెలియాలి అంతే. ప్రభుత్వ ఎన్‌సీడీ (అంటురోగాలు కాని జబ్బుల) యాప్‌లో ఎక్కించడం ఎలాగూ తప్పదు, అది ఏఎన్‌ఎం పని. కాగితం రిజిస్టరు దానికి పోటీ కాదు. సిగ్నల్ లేని రోజు కూడా ఎవరు రాలేదో చెప్పగలిగేది ఇది.

బీపీ తేలిన ప్రతి మనిషికీ రెండు కార్డులు. ఒకటి ఆ మనిషి దగ్గర, బియ్యం కార్డు పెట్టుకునే కవరులోనే పెట్టుకోమనండి. అక్కడైతే పోదు. రెండోది క్లినిక్‌లో ఒక పెట్టెలో. చెప్పుల పెట్టె అంత అట్టపెట్టె చాలు, లోపల 1 నుంచి 31 దాకా తేదీలు రాసిన అడ్డుచీటీలు, వెనక రాబోయే నెలల అడ్డుచీటీలు. మనిషి వచ్చి బిళ్లలు తీసుకోగానే కార్డును మళ్లీ రావాల్సిన తేదీ వెనక్కి మార్చాలి. సాయంత్రం ఆ రోజు తేదీ వెనక ఎన్ని కార్డులు మిగిలితే అంతమంది రానట్టు. దీనికి కంప్యూటరూ లెక్కా ఏమీ అక్కర్లేదు, చూపు చాలు.

రానివాళ్లు

మూడు రోజులు చూసి ఫోను, వారం దాటితే ఆశా ఇంటికి, పదిహేను రోజులు దాటితే ఆ ఇంటిని దత్తత తీసుకున్న విద్యార్థి. ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థీ ఊళ్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు సాగినంతకాలం చూడాలన్నది ఇప్పుడు జాతీయ వైద్య కమిషన్ పాఠ్యప్రణాళికలోనే ఉంది. చాలాచోట్ల అది లాగ్‌బుక్కు నింపుకోవడంతో సరిపోతోంది. దత్తత ఇళ్లను అదృష్టానికి వదలకుండా, బీపీ ఉన్న మనిషి ఉన్న ఇళ్లను ఏరి పంచితే అదే విద్యార్థి పరీక్షలకు పనికొచ్చే వైద్యమూ నేర్చుకుంటాడు.

‘బిళ్ల వేసుకుంటున్నారా?’ అని అడగకండి. ‘ఆయ్, వేసుకుంటున్నానండి’ అనే ఒక్క జవాబే వస్తుంది. ‘పోయిన వారంలో ఎన్నిరోజులు మర్చిపోయారండీ?’ అని అడిగి, అట్ట తెప్పించి మిగిలిన బిళ్లలు లెక్కపెట్టండి. మానేసినవాళ్లు చెప్పే కారణాలు మళ్లీ మళ్లీ అవే. తల తిరుగుడు తగ్గింది కాబట్టి జబ్బు పోయిందనుకోవడం మొదటిది. ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందన్న భయం రెండోది. వీటికి చెప్పాల్సిన మాట కూడా ఒకటే: బీపీ చాలామందికి ఏ బాధా పెట్టదు, బాధ లేకుండానే మెదడులో నరం చిట్లిపోతుంది.

మూడో కారణానికి వైద్యం ఉంది. ఆమ్లోడిపిన్ కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. బోదకాలును తరతరాలుగా చూసిన ఈ జిల్లాల్లో కాలు వాచిందంటే మనిషి హడలిపోతాడు. బిళ్ల మానేస్తాడు కానీ ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పడు. మొదటి రోజే చెప్పి ఉంచాలి: వాపు వస్తే అది బోదకాలు కాదు, కిడ్నీ పోయినట్టూ కాదు, వచ్చి చెప్తే డాక్టరు మందు మారుస్తారు. అలాగే టెల్మిసార్టాన్ గర్భిణులకు పనికిరాదు. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లకు అది రాసే ముందు అడిగి తీరాలి.

నాలుగోది ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆయన. ఊళ్లో అర్ధరాత్రి పలికేది ఆయనే, ఆయన్ని కాదని ఏ కార్యక్రమమూ నిలవదు. నడుం నొప్పికి వారం వారం వేసే డైక్లోఫెనాక్ సూది, ఒళ్లు నొప్పులకు ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ల బీపీని పెంచుతాయి. నాట్ల కాలంలో నడుం నొప్పుల సూదులు పెరుగుతాయి, అదే నెలలో రిజిస్టరులో అదుపు తప్పినవాళ్లూ పెరుగుతారు. ఆయన్ని కాలేజీకి పిలిచి ఒక పూట కూర్చోబెట్టి రెండే అడగండి: మా కార్డున్నవాళ్లకు నొప్పి సూది వేయొద్దు, బీపీ బిళ్ల ఆపమని చెప్పొద్దు. పది అడిగితే ఒక్కటీ చేయడు.

కాలేజీ ఆస్పత్రిలో

ఊళ్లో అంతా సరిగ్గా చేసి ఆస్పత్రిలో పాడుచేసుకోవడం మామూలే. ఊరి నుంచి చీటీతో వచ్చిన మనిషి ఓపీ వరసలో మూడు గంటలు నిలబడి, డాక్టరు లేచే వేళకు లోపలికి వెళ్తాడు. చీటీ రంగు వేరుగా ఉండాలి. ఓపీలో ఒక గది, వారంలో ఒక రోజు, ఒక పీజీ ఈ చీటీల కోసమే ఉండాలి. ఊరి ఆశాకు ఆ గది నంబరు తెలియాలి.

దానికంటే పెద్ద చిక్కు చీటీ వెనక్కి వచ్చేటప్పుడు. పైస్థాయి డాక్టరు ఊళ్లో ఇచ్చే ఆమ్లోడిపిన్ తీసేసి మూడు మందులు కలిపిన ఏదో బ్రాండు రాస్తారు. వైద్యపరంగా తప్పు లేదు. కానీ ఆ బిళ్ల ఊరి క్లినిక్‌లో లేదు. ఒక నెల కొనుక్కుంటారు, రెండో నెల సగం కొంటారు, మూడో నెల ఏదీ లేదు. కార్యక్రమం మొదలయ్యే ముందే జనరల్ మెడిసిన్, కార్డియాలజీ విభాగాలతో కూర్చుని ఊళ్లో దొరికే మందుల జాబితా ఒక పేజీ తయారుచేసి, ఆ రంగు చీటీ మీద ఆ జాబితా దాటి రాయకూడదని ఒప్పించండి. తప్పనిసరైతే ఆ మందును కాలేజీ ఫార్మసీయే నెలనెలా ఊరికి పంపాలి. కాలేజీ మాత్రమే చేయగల పని ఇది. ఏ ఆశా, ఏ ఏఎన్‌ఎం ప్రొఫెసరుకు ఈ మాట చెప్పలేరు.

ఉప్పు

రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు. ఎవరూ చెంచాతో కొలుచుకోరు కాబట్టి ప్యాకెట్టుతో అడగండి. ‘కిలో ఉప్పు ఎన్నాళ్లు వస్తుందండీ?’ నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున కిలో 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతోందంటే మనిషికి 10 గ్రాములు పడుతున్నట్టు, అదీ ఆవకాయ, అప్పడం, ఎండు చేపల్లో వచ్చేది కాకుండా. చేపలు కడగడానికి, ఊరగాయలకు ఎంత వాడారో అడిగి తీసేయాలి. లేకపోతే మే నెలలో ఊరంతా ఉప్పు తాగుతున్నట్టు లెక్క వస్తుంది.

ఆవకాయ మానేయమని చెప్పిన విద్యార్థి మాట ఆ ఇంట్లో ఇంకెవరూ వినరు. పెరుగన్నంలో, చద్దన్నంలో పైన వేసుకునే ఉప్పు మానమనండి. ఊరగాయ ఉన్న పూట అప్పడం వద్దనండి. ఎండు చేపలను గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు నానబెట్టి పిండితే ఉప్పు కొంత పోతుంది. సోడియం తక్కువున్న ఉప్పు దుకాణాల్లో దొరుకుతోంది కానీ అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకూ, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకూ డాక్టరును అడగకుండా చెప్పకూడదు.

లంక ఊళ్లు

గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉండే ఈ ఊళ్లకు వరద జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఎప్పుడైనా రావచ్చు. కాజ్‌వే మునిగితే పడవే దారి, ఆ పడవలో బీపీ బిళ్లల కోసం ఎవరూ రారు. జూన్ నెలాఖరుకే లంకల్లోని ప్రతి కార్డుకూ 60 రోజుల బిళ్లలు నీళ్లు దూరని జిప్ కవరులో పెట్టి ఇవ్వాలి, కార్డు కూడా అదే కవరులో. భద్రాచలం దగ్గర 43 అడుగుల మొదటి హెచ్చరిక పడగానే ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయో ఫోనులో కనుక్కోండి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇచ్చేదాకా ఆగితే లంకలోకి వెళ్లే వ్యవధి ఉండదు. పునరావాస కేంద్రాల్లో ఉండే మందుల పెట్టెలో విరేచనాల మందులు, పాము కాటు మందు వెతుకుతారు గానీ ఆమ్లోడిపిన్ ఉందో లేదో చూడరు. ఆ జాబితాలో అది చేర్పించండి.

మూడు నెలలకోసారి లెక్క

రిజిస్టరులో చేరి మూడు నెలలు దాటిన ప్రతి పేరునూ మూడు గడుల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి: ఈ త్రైమాసికంలో చివరిసారి కొలిచినప్పుడు 140/90 లోపు ఉన్నవాళ్లు, ఆపైన ఉన్నవాళ్లు, అసలు రానివాళ్లు. 400 మందిలో 220 మంది వచ్చారు, వాళ్లలో 165 మందికి అదుపులో ఉంది. వచ్చినవాళ్లతో భాగిస్తే 75 శాతం, పోస్టరు మీదికి బాగుంటుంది. 400తో భాగిస్తే 41 శాతం. రెండోదే నిజం. రానివాళ్లను లెక్కలోంచి తీసేస్తే, ఎంత ఎక్కువమంది మానేస్తే కార్యక్రమం అంత బాగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఆ లెక్కతో పాటు అంకెల చివరి స్థానం చూడండి. డిజిటల్ మిషన్‌తో నిజంగా కొలిస్తే వంద రీడింగుల్లో సున్నాతో ముగిసేవి పది చుట్టూ ఉంటాయి. నలభై ఉంటే ఎవరో సరిచేసి రాస్తున్నారు. పేజీ నిండా 120/80, 130/80 కనిపిస్తే ఆ జత ఇళ్లకే వెళ్లలేదు. తిట్టడం కంటే మరుసటి రోజు వాళ్లతో ఒక ఫ్యాకల్టీ వెళ్లి అదే ఇళ్లలో మళ్లీ కొలవడం బాగా పనిచేస్తుంది.

ఎండాకాలంలో బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. జనవరిలో మొదలుపెట్టి మే నెలలో కొలిచి మా కార్యక్రమం వల్లే తగ్గిందని చెప్పుకునే నివేదికలకు సూర్యుడికి కృతజ్ఞతలు చెప్పాలి. ఈ ఏడాది ఏప్రిల్-జూన్ లెక్కను వచ్చే ఏడాది ఏప్రిల్-జూన్‌తోనే పోల్చండి.

హౌస్‌సర్జన్లు, పీజీలు మారుతూనే ఉంటారు. బ్యాచ్ మారే వారం పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి కనీసం రెండు రోజులు ఇళ్లకు వెళ్లాలి, ముఖ్యంగా పెట్టెలో కార్డు కదలని ఇళ్లకు. రిజిస్టరూ పెట్టే ఊరి క్లినిక్‌లోనే ఉండాలి. కాలేజీ బీరువాలోకి వెళ్లేది జిరాక్సు మాత్రమే.